గుడిస కొండ ఎక్కిన డీజిల్ జిప్సీ

మారేడుమిల్లి నుంచి గుడిస కొండకు వెళ్ళే దారిలో, పుల్లంగి ఊరు దాటాక మొదటి గట్టి ఎక్కుడు దగ్గరే మా మారుతి జిప్సీ ఆగిపోయింది. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ. నాలుగు చక్రాలనూ లాగించే ఫోర్ వీల్ మీట వేశాను, డాష్‌బోర్డు మీద దీపం వెలిగింది, వేగం తగ్గించి బలం పెంచే లో గేరు కూడా పడింది. అయినా వెనక చక్రాలు రెండూ మట్టి తవ్వుకుంటూ ఉన్నచోటే తిరుగుతున్నాయి. మా వెనక ఒక పాత కమాండర్ జీపు, దాని నిండా పర్యాటకులు, దాని వెనక మరో రెండు జీపులు. కమాండర్ డ్రైవరు దిగి వచ్చి, మా ముందు చక్రం మధ్యలోకి టార్చి వేసి చూశాడు.

"హబ్బులు తిప్పలేదండీ" అన్నాడు.

జిప్సీ ముందు చక్రాల మధ్యలో, చక్రాన్ని ఇరుసుతో కలిపే, చేత్తో తిప్పి బిగించే హబ్బులను పాత యజమాని వేయించారు. వాటిని తిప్పనంతవరకూ లోపల మీట ఎటు వేసినా శక్తి ముందు చక్రాలకు చేరదు. దీపం మాత్రం నిజాయతీగా వెలుగుతుంది. ఈ విషయం బండి కొన్న రోజే నాకు చెప్పారు, నేను తల కూడా ఊపాను. పక్క సీట్లో కూర్చున్న మా బావ ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

బండి గురించి కొంచెం చెప్పాలి. మారుతి 1985లో తెచ్చిన జిప్సీ పెట్రోలు బండి. మొదట 970 సీసీ, తరువాత 1,298 సీసీ. చివరి రకంలో 80 హార్స్‌పవర్ ఉన్నా, లాగే బలం 103 న్యూటన్ మీటర్లే. అదీ ఇంజిన్ నిమిషానికి 4,500 చుట్లు తిరిగినప్పుడు. పైగా లీటరుకు తొమ్మిది, పది కిలోమీటర్లు. అందుకే చాలామంది అందులో డీజిల్ ఇంజిన్ పెట్టిస్తారు. మా బండిలో ఉన్నది పాత డీజిల్ స్విఫ్ట్ ఇంజిన్: 1,248 సీసీ, 75 హార్స్‌పవర్, 2,000 చుట్ల దగ్గర 190 న్యూటన్ మీటర్లు. కాగితం మీద చూస్తే బలం దాదాపు రెట్టింపైంది. గేర్‌బాక్స్ పాతదే. ఇంజిన్‌కూ దానికీ మధ్య ఒక అడాప్టర్ పలక చేయించారు. డీజిల్ ఇంజిన్ బరువుకు ముందు కమాన్ కట్టల్లో ఒక పట్టీ అదనంగా వేశారు. ఆర్.సి.లో కొత్త ఇంజిన్ నంబరు, ఇంధనం దగ్గర డీజిల్ అని ఎక్కి ఉన్నాయి కాబట్టే కొన్నాను. అనుమతి లేకుండా ఇంజిన్ మార్చిన జిప్సీలు ఇంతకంటే చవకగా చాలా దొరుకుతాయి. వాటి జోలికి వెళ్ళవద్దు. దారిలో ఆపి కాగితాలు అడిగినా, ప్రమాదం జరిగి బీమా కోసం వెళ్ళినా ఇబ్బంది తప్పదు.

శుక్రవారం మధ్యాహ్నం రాజమహేంద్రవరంలో బయలుదేరాం. డిసెంబరు రెండో వారం. గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి 90 కిలోమీటర్ల లోపే. రంపచోడవరంలో ట్యాంకు నింపుకున్నాం. ఆ తరువాత ఎక్కడ ఏమి దొరుకుతుందో నమ్మకం పెట్టుకోకపోవడం మంచిది. తారు రోడ్డు మీద జిప్సీ సుఖమైన బండి కాదు. ముందూ వెనకా కమాన్ కట్టలే కనుక ప్రతి గుంతా వెన్నెముక దాకా వస్తుంది. డెబ్బై దాటితే మాటలు వినిపించవు. కానీ ఘాట్ మొదలయ్యాక మూడో గేరులో అలవోకగా ఎక్కింది. మా నాన్న దగ్గర ఉండిన పెట్రోలు జిప్సీ ఇలాంటి మలుపుల్లో రెండో గేరులో అరుస్తూ ఎక్కేది. ఆ సాయంత్రం డీజిల్ మార్పు మీద నాకు పూర్తి నమ్మకం కలిగింది. అది పన్నెండు గంటలు కూడా నిలవలేదు.

మొదటి రాత్రి మారేడుమిల్లిలో వనవిహారి కాటేజీల్లో దిగాం. అటవీ శాఖ ఆధ్వర్యంలో స్థానిక వన సంరక్షణ సమితి నడిపే చోటు ఇది. గది సాదాగా ఉంది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు అడిగితే బకెట్‌లో తెచ్చి ఇచ్చారు. టీవీ, తళుకులు కోరుకునేవారికి నచ్చకపోవచ్చు. చుట్టూ చెట్లు, రాత్రి తొమ్మిదికల్లా నిశ్శబ్దం. మేము కోరుకున్నది అదే. బండి పెట్టుకోవడానికి చోటు బోలెడంత. సెలవు రోజుల్లో గదులు దొరకడం కష్టం, ముందుగా బుక్ చేసుకోవాలి.

భోజనం మాత్రం రోడ్డు పక్కనే. బొంగులో చికెన్ ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్ళూ తింటారు, ప్రతివాళ్ళూ పొగుడుతారు. నా మాట: తినే ముందు బొంగు పచ్చిదేనా, మీ కళ్ళ ముందే నిప్పుల మీద పెట్టారా అని చూసుకోండి. ముందే వండిన కూరను బొంగులో పోసి వేడిచేసి ఇచ్చేవారూ ఉన్నారు. మేము మొదట ఆగిన కొట్టులో అదే జరిగింది. రెండో రోజు ఒక పెద్దావిడ నడిపే చిన్న పాకలో ముప్పావు గంట కాచుకుని తిన్నాం. ఆకుతో మూతి బిగించి, బొంగును తిప్పుతూ కాల్చి, నూనె లేకుండా దాని ఆవిరిలోనే ఉడికించిన మాంసం. రెండింటికీ పేరు ఒక్కటే, రుచికి పోలిక లేదు.

గుడిస మారేడుమిల్లికి సుమారు 40 కిలోమీటర్లు. చివరి భాగం మట్టి, రాళ్ళు, వానకు కోసుకుపోయిన చాళ్ళు. సూర్యోదయానికి పైన ఉండాలంటే మూడింటికి ముందే కదలాలి. ఊళ్ళో జీపుల వాళ్ళు రాత్రే బేరం మాట్లాడుకుని తెల్లవారుజామున గది దగ్గరికే వస్తారు. ఎనిమిది మంది పంచుకుంటే తలా ఐదారు వందలు పడుతుంది. చెక్‌పోస్టులో రుసుము కట్టించుకుని, ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఉన్నాయేమో చూసి పంపించారు. పైన గుడారాలు వేసుకోనివ్వరని అక్కడే చెప్పారు. మారేడుమిల్లి దాటాక మా ఫోన్లలో సిగ్నల్ లేదు.

హబ్బులు తిప్పాక బండి ఆ ఎక్కుడు ఎక్కేసింది. అసలు పాఠం ఆ తరువాతి మలుపులో వచ్చింది. అక్కడ దారికి అడ్డంగా మోకాలెత్తు రాతి మెట్టు. దాని మీదికి మెల్లగా, పాకుతున్నట్టు ఎక్కాలి. ఈ ఇంజిన్ బలమంతా, లోపలికి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పుణ్యమే. చుట్లు 1,800 దాటేదాకా టర్బో సరిగా మేలుకోదు. అంతవరకూ మన కాలి కింద ఉన్నది ఒక బక్క ఇంజిన్. మెల్లగా వెళితే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే ఒక్కసారిగా బలం వచ్చి బండి గెంతుతుంది. రెండుసార్లు ఆగిపోయింది. రెండోసారి వెనక్కి జారింది కూడా. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు కూడా ఆగుతుంది. ఒకటి రెండు తొక్కుళ్ళ తరువాత బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. లోయ వైపు జారుతూ ఈ సంగతి తెలుసుకోవడం బాగుండదు. హ్యాండ్ బ్రేకు లాగి, రివర్స్ గేరులో పెట్టి ఆపాను. అప్పుడు బావ నోరు విప్పారు.

"గాలి తియ్యి. తరువాత క్లచ్ సగంలో పట్టుకుని రెండువేల మీద ఉంచు. క్లచ్ కాలితే కాలనీ, ప్లేటు ఊళ్ళో దొరుకుతుంది."

టైర్లలో గాలి 30 నుంచి 18కి దించాం. ఆయన కిందికి దిగి చేతి సైగలతో దారి చూపారు. మూడో ప్రయత్నంలో ఎక్కింది, కాలిన క్లచ్ వాసనతో. ఇంతలో వెనక ఉన్న కమాండర్ అదే మెట్టును పెద్దగా ఆలోచించకుండా ఎక్కేసింది. అది రెండు చక్రాలే లాగే బండి. టర్బో లేని రెండున్నర లీటర్ల డీజిల్, వెనక చక్రాల మీద ఎనిమిది మంది బరువు, వందల సార్లు అదే దారి ఎక్కిన డ్రైవరు. దాన్ని చూసి బావ ఎంత ఆనందించారో చెప్పలేను. టర్బో అంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు.

పైన గుడిస వేరే లోకం. అడవి ఒక్కసారిగా తెగిపోయి, గడ్డి కొండలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. లోయల నిండా తెల్లని పొగమంచు. సూర్యుడు వచ్చినప్పుడు దాదాపు అందరూ ఫోన్లు ఎత్తారు, మేమూ ఎత్తాం. నాకు ఎక్కువ గుర్తున్నది గాలి. చెవులు నొప్పి పుట్టేంత చలిగాలి, దానికి వాలిపోయే గడ్డి చప్పుడు. మనసు కష్టపెట్టినది గడ్డి మీది చక్రాల గుర్తులు. దారి ఉండగానే కొందరు కొండ వాలు మీదికి బండ్లు ఎక్కించి వలయాలు తిప్పారు. ఆ చారల్లో గడ్డి లేదు, ఎర్రమట్టే. ఆఫ్‌రోడ్ అంటే దారి వదిలిపెట్టడం అనుకునేవారు దయచేసి ఈ కొండకు రావద్దు.

దిగడం ఎక్కడం కంటే తేలిక. లో రేంజిలో ఒకటో గేరు వేసి, క్లచ్ మీద నుంచీ బ్రేకు మీద నుంచీ కాళ్ళు తీసేస్తే బండి తనంతట తానే నడక వేగంతో దిగింది. ఈ ఒక్క విషయంలో పెట్రోలు జిప్సీ కంటే ఇది నచ్చింది. మారేడుమిల్లి చేరాక టైర్లకు గాలి కొట్టించాలి. సొంత పంపు లేకపోతే మెత్తని టైర్లతోనే పంక్చర్ కొట్టు దాకా నడపాల్సి వచ్చేది. ఆ పంపు బావ సంచిలోంచి వచ్చింది. నా సంచిలో కెమెరా ఉంది.

రెండో రాత్రి బుద్ధి తక్కువై ఒక ప్రైవేటు గుడారాల శిబిరంలో దిగాం. ఫొటోల్లో వాగు ఒడ్డు, దీపాల తోరణాలు. అక్కడికి వెళ్ళాక అర్ధరాత్రి దాకా జనరేటరు, స్పీకర్లలో పాటలు, ఇరవై గుడారాలకు రెండు మరుగుదొడ్లు. మొదటి రాత్రి గదికంటే ఎక్కువే వసూలు చేశారు. కుర్రకారు గుంపుగా వెళితే ఏమో కానీ, అడవిలో నిద్రపోవాలనుకునేవారికి కాదు.

ఆదివారం ఉదయం పాములేరు ఒడ్డుకు వెళ్ళాం. బండిని నీళ్ళలోకి దించాలని నాకు ఉబలాటం. పాత జీపుల డీజిల్ పంపు పూర్తిగా యంత్రమే, తడిసినా పనిచేస్తూ ఉంటుంది. ఈ ఇంజిన్‌ను నడిపించేది ఒక కంప్యూటర్ పెట్టె. మా బండిలో అది ఎక్కడ బిగించారో వెతికితే, ఎడమ వైపు అడుగున, పాదాలకు కాస్త పైన కనిపించింది. బావ దాన్ని చూసి, నన్ను చూసి, బండి తాళం తీసి జేబులో వేసుకున్నారు. ఈ వాగులో మనుషులు మునిగిపోయిన సంగతి పత్రికల్లో చదివిందే. నేనూ పట్టుబట్టలేదు. కాళ్ళు తడుపుకుని, టీ తాగి, జలతరంగిణి జలపాతం చూసి వచ్చేశాం. రోడ్డు పక్కనే ఉంది కాబట్టి ఏ బండి మీదైనా వెళ్ళవచ్చు.

లెక్క చూస్తే, కొండదారితో కలిపి లీటరుకు పదమూడు కిలోమీటర్లకు కాస్త పైన వచ్చింది. పెట్రోలు జిప్సీకి ఇది కలలోని మాట. రోజూ ఊళ్ళో తిరగడానికీ, ఘాట్‌లకూ ఈ మార్పు నిజంగా లాభమే. రాళ్ళ మీద పాకడానికి మాత్రం, ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో ఇంకా తక్కువ గేర్లు వేయించకపోతే ఈ ఇంజిన్ సరిపోదు. గుడిసకు మొదటిసారి వెళ్ళేవారు, ఎంత ముచ్చటైన ఫోర్ వీల్ బండి ఉన్నా, దాన్ని మారేడుమిల్లిలో పెట్టి స్థానిక జీపు మాట్లాడుకోండి. దారి చూసి, డ్రైవరు ఎక్కడ ఏ గేరు వేస్తున్నాడో గమనించి, రెండోసారి మీ బండి తీసుకెళ్ళండి. మేము దాన్ని తలకిందులుగా చేశాం.

క్లచ్ ప్లేటు మార్పించడానికి షెడ్డుకు ఇచ్చాను. కంప్యూటర్ పెట్టెను సీటు ఎత్తుకు జరపమని కూడా చెప్పాను. బండి ఇంటికి వచ్చిన రోజు చూస్తే, ఫోర్ వీల్ దీపం మీద ఒక తెల్ల కాగితం ముక్క అతికించి ఉంది. బావ చేతిరాత: "దిగు. తిప్పు."