రివాల్వర్ పిడి మీది పాత వార్నిష్: సాండ్‌పేపరా, రిమూవరా?

మా బాపు లైసెన్సు రివాల్వర్ పిడికి రెండు వాల్‌నట్ చెక్కలు. వార్నిష్ నల్లబడి, చేతికి జిగురుగా తగులుతోంది. బాపే తూటాలు తీసి, స్క్రూ విప్పి, చెక్కలు మాత్రం నా చేతికిచ్చాడు.

నల్లగొండలో ఎవరిని అడిగినా ముందు సాండ్‌పేపరే చెప్తారు. చవక, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. కానీ అది వార్నిష్‌తో పాటు చెక్కనూ తినేస్తుంది. పట్టు కోసం చెక్కిన సన్నటి గళ్లు అరిగిపోతాయి. అంచు అర మిల్లీమీటరు తగ్గినా చాలు, ఇనుము దగ్గర వేలికి మెట్టులా తగులుతుంది. పోయిన చెక్క మళ్లీ రాదు కదా!

అందుకే నా ఓటు పెయింట్ రిమూవర్‌కే. మందంగా పూస్తే కాసేపటికి పొర ముడతలు పడి లేస్తుంది. గళ్లలో ఇరుక్కున్నది పాత టూత్‌బ్రష్‌తో వచ్చేస్తుంది. మా ఎండలకు తొందరగా ఆరిపోతుంది, పైన ప్లాస్టిక్ కవరు కప్పాలి. ఘాటు మాత్రం మామూలుగా ఉండదు. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయటే చెయ్యండి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకమైతే మూసిన గదిలో ప్రాణాలే పోవచ్చు, దాని జోలికి పోవద్దు.

పాత పూత లక్క పాలిష్ అయితే ఈ రెండూ అక్కర్లేదు. స్పిరిట్‌లో తడిపిన గుడ్డకే కరుగుతుంది. ముందు పూత ఉన్న చోటే, అంతగా కనపడని ఒక మూల తుడిచి చూడండి.