సాంతియాగో కాలినడక యాత్రకు వెళ్లిరావడం: రైళ్లు, వ్యాను, సామాను సేవలపై సమీక్ష

ఫ్రాన్స్ దక్షిణ సరిహద్దులోని సాన్ జాన్ ప్యే ద పోర్ అనే చిన్న ఊరి నుంచి స్పెయిన్ వాయవ్య మూలనున్న సాంతియాగో దె కొంపొస్తేలా వరకు దాదాపు 780 కిలోమీటర్లు సాగే ‘కామినో ఫ్రాన్సేస్’ అనే క్రైస్తవ తీర్థయాత్రను మా అక్క, నేను గత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పూర్తి చేశాము. నడక గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు కనుక దాని జోలికి పోను. హైదరాబాద్ నుంచి ఆ మొదటి అడుగు వేసే చోటికి చేరడానికి, చివరి అడుగు తరువాత ఇల్లు చేరడానికి మేము వాడుకున్న సేవలు ఎలా ఉన్నాయన్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. వెళ్లే దారి మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా మేము తిరుగు దారి మీద పెట్టలేదు. నష్టపోయింది సరిగ్గా అక్కడే.

ముందు వీసా సంగతి. విమానం దిగేది పారిస్‌లోనే అయినా ఎక్కువ రోజులు గడిపేది స్పెయిన్‌లో కాబట్టి ఐరోపాలోని చాలా దేశాలకు ఒక్కటే చెల్లే షెంగెన్ వీసాకు దరఖాస్తు స్పెయిన్‌కే పెట్టుకోవాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా చూపాలి. ఈ యాత్రకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వీసాకు బస రుజువులు కావాలి, యాత్రికులు పడుకునే ఆల్బెర్గేలలో మునిసిపాలిటీలు నడిపేవి, విరాళాల మీద నడిచేవి చాలావరకు ముందస్తు బుకింగులు తీసుకోవు. మేము రోజుకు ఏ ఊరు చేరతామో పట్టికగా రాసి, పెద్ద ఊళ్లలో రద్దు చేసుకునే వీలున్న గదులు బుక్ చేసి, ఆ రెండూ కలిపి ఇచ్చాము. నడకకు 35 రోజులు వేసుకున్నా, పట్టికలో 44 రోజులు చూపించాము. ఈ ప్రయాణంలో మేము చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే.

విమాన టికెట్ రానూపోనూ ఒకే ఊరికి తీసుకుంటే నడక ముగిశాక మళ్లీ స్పెయిన్ దాటి వెనక్కు రావలసి ఉంటుంది. అందుకని వెళ్లడం పారిస్‌కు, రావడం మాడ్రిడ్ నుంచి ఉండేలా మల్టీ సిటీ టికెట్ తీసుకున్నాము. పారిస్ విమానాశ్రయంలోనే వేగరైళ్ల స్టేషన్ ఉన్నా, సాన్ జాన్ రైలు కోసం మారవలసిన బయోన్ ఊరి వైపు వెళ్లే రైళ్లు ప్రధానంగా నగరం మధ్యనున్న మోంపర్నాస్ స్టేషన్ నుంచి బయలుదేరతాయి. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి, మెట్రో మెట్ల మీద పెట్టె మోసుకుంటూ అదే రోజు రైలు అందుకోవాలనుకోవడం సాహసమే. మేము స్టేషన్ దగ్గరే ఒక రాత్రి ఆగి, మర్నాడు పొద్దున సుమారు నాలుగు గంటల ప్రయాణంతో హాయిగా బయోన్ చేరాము. ఆ గదికి అయిన ఖర్చు గురించి అక్క రెండు రోజులు సణిగింది. మూడో రోజు కొండ ఎక్కాక ఇక ఆ మాట ఎత్తలేదు.

బయోన్ నుంచి సాన్ జాన్‌కు మేము మొదట మాట్లాడుకున్నది షేరింగ్ వ్యాను. అడ్వాన్సు తీసుకున్న ఆ సంస్థ, సరిపడా మనుషులు రాలేదంటూ ముందు రోజు రాత్రి ఈమెయిల్‌లో రద్దు చేసింది. మా డబ్బు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. రద్దు కావడమే మంచిదైంది. ఎందుకంటే ఇదే దారిలో నడిచే ప్రాంతీయ రైలు, మొత్తం ప్రయాణంలో నేను నిస్సంకోచంగా సిఫారసు చేసే సేవ. సీటు రిజర్వేషన్ లేదు. రోజుకు కొన్ని రైళ్లే ఉంటాయి కాబట్టి ఒకటి తప్పితే గంటల తరబడి కాచుకోవాలి, వేళలు ముందే చూసుకోవాలి. కానీ నీవ్ నది వెంట గంటసేపు సాగే ఆ ప్రయాణంలో రైలు పెట్టె నిండా యాత్రికులే. పట్టాలు మలుపు తిరిగినప్పుడల్లా యాత్రకు గుర్తుగా బ్యాగులకు వేలాడదీసిన ఆల్చిప్పలు ఒకదానికొకటి తగిలి టకటకలాడుతుంటే, ఎదుటి సీటులోని పెద్దావిడ తన దాన్ని అరచేత్తో పట్టుకుని కూర్చున్నారు. చివరి స్టేషన్‌లో దిగాక దారి అడగవలసిన పని లేదు, అందరూ ఒకవైపే నడుస్తారు. పది, పదిహేను నిమిషాల్లో సిటడెల్ వీధి 39వ నంబరులోని యాత్రికుల కార్యాలయం వస్తుంది. యాత్రా పుస్తకం క్రెడెన్సియాల్‌ను ఇచ్చి, తొలి ముద్ర వేసి, కొండదారి వాతావరణం చెప్పి పంపేది స్వచ్ఛంద సేవకులే. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు సాన్ జాన్ నుంచి పిరనీస్ కొండల కనుమ మీదుగా పోయే నెపోలియన్ మార్గాన్ని మూసేస్తారు కనుక విమానం తేదీలు ఖాయం చేసుకునే ముందే దీన్ని గుర్తుంచుకోవాలి.

సామాను విషయంలో మాకు రెండు సేవలతో పని పడింది. మాడ్రిడ్‌లో కట్టుకునే మంచి బట్టలు, చుట్టాలకు తీసుకున్న కానుకలు ఉన్న పెట్టెను సాన్ జాన్‌లోని ఒక స్థానిక రవాణా సంస్థకు అప్పగిస్తే, నెల పైచిలుకు తరువాత సాంతియాగోలో తాళం చెక్కుచెదరకుండా దొరికింది. నడక కర్రలను విమానం క్యాబిన్‌లోకి సాధారణంగా అనుమతించరు; వాటిని పెట్టుకోవడానికైనా చెక్-ఇన్ చేసే పెట్టె ఒకటి ఉండటం మంచిది. రెండోది స్పెయిన్ తపాలా శాఖ కొర్రేఓస్ నడిపే రోజువారీ బ్యాగు రవాణా. ముందు రోజు నమోదు చేసి, చీటీ కట్టిన బ్యాగును పొద్దున 8 గంటల్లోపు బస దగ్గర వదిలేస్తే మధ్యాహ్నానికి తరువాతి బసకు చేరుతుంది. బరువు 15 కిలోలు దాటకూడదు. కొన్ని ఆల్బెర్గేలు ఇలా వచ్చే బ్యాగులను తీసుకోవని మాత్రం తెలుసుకోండి.

ఇక తిరుగు ప్రయాణం. చవకగా వస్తోందని రెండు నెలల ముందే, సాంతియాగో నుంచి మాడ్రిడ్‌కు రైలు టికెట్లు ఒక మధ్యవర్తి వెబ్‌సైట్‌లో కొనేశాము. ఆ ఫారంలో ఇంటిపేరు గడులు రెండున్నాయి, స్పెయిన్‌వారికి తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి ఉంటాయి కాబట్టి. రెండోది ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలలేదు. చివరికి మా అమ్మ పుట్టింటి పేరు రాశాను. పాస్‌పోర్టులో లేని ఆ పేరును సరిచేయించడానికి నాలుగు ఈమెయిళ్లు పంపవలసి వచ్చింది. అంత కష్టపడి సరిచేయించిన టికెట్లు చివరికి వాడుకోనేలేదు. దారిలో కొండ మీదున్న ఇనుప శిలువ దాటాక మొలినసేకా ఊరి వైపు దిగే రాళ్ల దారిలో నా మోకాలు వాచింది. పోన్ఫెర్రాదాలో మూడు రాత్రులు ఆగాము. మార్చుకునే వీలులేని ఆ టికెట్లు అక్కడే పనికిరాకుండా పోయాయి. విమానం తేదీ మాత్రం దూరంగా పెట్టుకోబట్టి బతికిపోయాము. లేకపోతే సాంతియాగోకు 100 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని సర్రియా దగ్గర బస్సెక్కవలసి వచ్చేది. కాలినడకన చివరి 100 కిలోమీటర్లు పూర్తి చేస్తే తప్ప, యాత్ర చేసినట్టు ధ్రువీకరించే కొంపొస్తేలా పత్రం ఇవ్వరు.

సర్రియా దాటాక, ఎప్పుడు చేరతామో తేలిన తరువాత, స్పెయిన్ ప్రభుత్వ రైల్వే సంస్థ రెన్ఫే టికెట్లు మళ్లీ కొన్నాము. ధర ఎక్కువే అయినా సేవలో లోపమేమీ లేదు. ఎక్కిన మూడు గంటల్లో, కాస్త అటూఇటూగా, మాడ్రిడ్‌లోని చమార్తిన్ స్టేషన్‌లో దిగుతాము. అక్కడి నుంచి లోకల్ రైలు విమానాశ్రయం టీ4 దాకా పోతుంది, మిగతా టెర్మినళ్లకు ఉచిత బస్సులున్నాయి. వేగరైలు ఎక్కే ముందు సామాను స్కానింగ్ ఉంటుంది కనుక అరగంట ముందు చేరాలి. మేము ఆలస్యంగా వెళ్లి, వరుస చూసి కంగారుపడితే, “ఇంత దూరం నడిచొచ్చాను, ఇప్పుడు పరుగెత్తలేను తల్లీ” అని అక్క ఆగిపోయింది. రైలు అందింది. పోర్చుగల్‌లోని పోర్తో మీదుగా వెళ్లేవారికి సాంతియాగో స్టేషన్ పక్కనే బస్సులున్నాయి. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే గంట వెనక ఉంటుంది, విమానం వేళ చూసుకునేటప్పుడు ఆ లెక్క వేసుకోవాలి.

2027లో సెయింట్ జేమ్స్ (సాంతియాగో) పండుగ రోజైన జులై 25 ఆదివారం పడటంతో అది సాంతియాగోకు పవిత్ర సంవత్సరం. 2024లోనే దాదాపు 5 లక్షల మంది పత్రాలు అందుకున్నారు కనుక ఆ ఏడు వెళ్లాలనుకునేవారు సాన్ జాన్‌లో మొదటి రాత్రి బస, పారిస్ నుంచి బయోన్ రైలు ముందుగానే ఖాయం చేసుకోవడం మంచిది. తిరుగు రైలు టికెట్ మాత్రం ముందే కొంటే, ధర కాస్త ఎక్కువైనా తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. విమానానికి, చేరే రోజుకు మధ్య కనీసం నాలుగు రోజులు ఉంచుకోండి.