పీజీ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? మెసేజ్‌లు మార్చుకోవచ్చు అంటే గుడ్డిగా నమ్మకండి

బెంగళూరులో మారతహళ్లి, మున్నెకొలాల, బీటీఎం సైడ్ పీజీలు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు) నడిపే మనోళ్లందరికీ చెప్తున్నా, అద్దె రిమైండర్లు దానంతటదే పంపే సాఫ్ట్‌వేర్ ఏది తీసుకున్నా సంవత్సరం డబ్బులు ఒకేసారి కట్టకండి. మేం 18,000 కట్టి ఇరుక్కుపోయాం.

మాది 62 బెడ్ల పీజీ, ఉండేది ఎక్కువగా కడప, అనంతపురం, నెల్లూరు పిల్లలే. డెమోకి వచ్చినబ్బాయి "మెసేజ్‌లన్నీ మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు మేడం" అన్నాడు, ల్యాప్‌టాప్‌లో ఏదో స్క్రీన్ కూడా చూపించాడు, మేం నమ్మేశాం. తీరా వాడేటప్పుడు చూస్తే మారేది పైన లోగో, కింద మా పీజీ పేరు, అంతే! మధ్యలో మాటలు కోడ్‌లోనే రాసేశారంట. పిల్లల పేరు ఉండదు, అందరికీ 'డియర్ కస్టమర్', ఒక్కరోజు లేటైతే చాలు 'ఫైనల్ నోటీస్, సర్వీస్ విల్ బి టెర్మినేటెడ్'.

పోయిన నెల ఏమైందంటే, ఒక బాబు జీతం 7న పడుద్ది ఆంటీ, 8న కడతా అని ముందే చెప్పాడు, నేనూ సరేనన్నా. కానీ 5 దాటగానే ఈ మెసేజ్ వాడికే కాకుండా ఎమర్జెన్సీకని రాసుకున్న వాళ్ల నాన్న నంబర్‌కి కూడా వెళ్లిపోయింది, అదీ రాత్రి రెండున్నరకి. మేం పెట్టింది రాత్రి 9 గంటలకి, వాళ్ల సర్వర్ యూటీసీ అనే అంతర్జాతీయ టైంలో ఉందంట, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఆయనకి ఇంగ్లీషు రాదు, అంత రాత్రి బెంగళూరు నుంచి మెసేజ్ అనేసరికి కొడుక్కి ఏమైందోనని పక్కింటివాళ్లని లేపి చదివించుకున్నాడంట. "అమ్మా, మావాణ్ణి బయటికి పంపేస్తున్నారా" అని ఫోన్ చేస్తే నాకు నోట మాట రాలా. రెండేళ్ల నుంచి మా దగ్గరే తింటున్న పిల్లాడండీ వాడు.

మాటలు మార్చమంటే ఒక్కో మెసేజ్‌కి 2,500 అడిగారు, డీఎల్‌టీ (వ్యాపారాలు పంపే ఎస్ఎంఎస్‌లని ముందే రిజిస్టర్ చేయించే టెలికాం సిస్టమ్) రూల్స్ అండీ అన్నారు. అందులో సగం నిజమే. టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్ 2018 రూల్స్ ప్రకారం ఇలాంటి ఎస్ఎంఎస్‌లు డీఎల్‌టీలో రిజిస్టర్ అయిన హెడర్ (పంపేవాళ్ల పేరుగా కనిపించేది), టెంప్లేట్ (మెసేజ్ నమూనా)తోనే పోవాలి, మాట తేడా వస్తే ఆపరేటర్ దగ్గరే ఆగిపోద్ది. 2024 అక్టోబర్ నుంచి లింకులు కూడా ముందే రిజిస్టర్ చేయించాలి. కానీ పేరు, మొత్తం, తేదీ లాంటివి వేరియబుల్స్‌గా, అంటే ఒక్కొక్కరికి మారే ఖాళీలుగా పెట్టుకోనిస్తారు కదా, మనకి కావాల్సినట్టు కొత్త టెంప్లేట్ రాసి అప్రూవల్ తెచ్చుకుంటే దాని నంబర్ వేసుకోడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక చోటు ఉంటే చాలు. వీళ్ల దాంట్లో ఆ చోటే లేదు. పైగా హెడర్ వాళ్ల పేరు మీదే తీసుకున్నారు, రేపు వీళ్లని వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాల్సింది మనమే. అది ఎవరి పేరు మీదో తప్పకుండా అడగండి.

తెలుగులో పంపాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోండి, ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలు, తెలుగుకైతే 70 మాత్రమే, గుణింతాలు ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. చిన్న మెసేజే రెండు మూడింటి బిల్లు అయిపోద్ది.

డెమోలో వాళ్లు చూపించింది చూడటం కాదు, మీ చేత్తో ఒక మెసేజ్ మార్చి అది మీ ఫోన్‌కి వచ్చాకే డబ్బుల మాట ఎత్తండి. ఒక్కరికి మాత్రం ఆపొచ్చా, ఇంట్లోవాళ్ల నంబర్‌కి పోకుండా పెట్టొచ్చా, ఏ టైంకి పోద్ది, ఇవన్నీ అక్కడే చేయించి చూడండి.

రిఫండ్ అడిగితే ఇవ్వం అన్నారు. ఆటో మెసేజ్‌లు ఆఫ్ చేయడానికి కూడా వాళ్లకే మెయిల్ పెట్టాల్సొచ్చింది, నాలుగు రోజులు పట్టింది. ఆ పెద్దాయనకి నేనే మళ్లీ ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పుకున్నా. ఇప్పుడైతే ప్రతి నెలా 3న కూర్చుని ఒక్కొక్కరికి పేరు పెట్టి నేనే వాట్సాప్‌లో రాస్తున్నా.