మెడికల్ రూమ్ చూసి మురిసిపోకండి, తాళం ఎవరి దగ్గరుందో అడగండి

అడ్మిషన్ల సీజన్ మొదలైంది కాబట్టి ఇది ఇప్పుడే రాస్తున్నా. హైదరాబాద్‌లో మా పాప మూడో తరగతి చదువుతున్న స్కూల్లో జరిగింది. పేరు మాత్రం రాయను, టీసీ ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది.

చేర్పించేటప్పుడు స్కూలంతా తిప్పి చూపించారు. మెడికల్ రూమ్‌లో తెల్ల దుప్పటి పరిచిన మంచం, బరువు చూసే మిషన్, గోడకు పళ్లు తోముకునే చార్టు. మెడికల్ ఫీజని ఏడాదికి 3,500 విడిగా కట్టించుకున్నారు. పాపకు ఆస్తమా. అందుకే మొదటి రోజే ఇన్‌హేలర్, స్పేసర్ (మందు సరిగా లోపలికి వెళ్లేలా ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం), డాక్టరు రాసిన కాగితం ఆఫీసులో ఇచ్చాం. "టెన్షన్ పడకండి మేడమ్, నర్స్ చూసుకుంటుంది" అన్నారు.

డిసెంబరులో స్పోర్ట్స్ డే ప్రాక్టీసు. పొద్దున చలి, గ్రౌండంతా దుమ్ము. పాపకు ఆయాసం, పిల్లికూతలు మొదలయ్యాయి. మెడికల్ రూమ్‌కి తీసుకెళ్తే నర్స్ లేదు. మూడు బ్రాంచీలకూ కలిపి ఆమె ఒక్కతేనట, మా బ్రాంచికి వచ్చేది వారానికి రెండు రోజులు. బీరువా తాళం ఆమె బ్యాగులో. ఆయమ్మ తనకు తెలిసింది చేసింది పాపం, వేడినీళ్లు తాగించి వెల్లకిలా పడుకోబెట్టింది. ఎవరో దగ్గు సిరప్ కూడా పోశారు. ఆయాసం వచ్చిన పిల్లను పడుకోబెడితే ఊపిరి ఇంకా కష్టమవుతుంది, నిటారుగా కూర్చోబెట్టాలి. బిగుసుకున్న ఊపిరి గొట్టాలను దగ్గు సిరప్ వదులు చేయదు. ఆ పని చేసేది నీలం ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్. అది అద్దాల బీరువాలో కళ్లెదుటే ఉంది. అద్దం పగలగొట్టి ఉంటే బిల్లు నేనే కట్టేదాన్ని.

నాకు ఫోన్ వచ్చింది 50 నిమిషాల తర్వాత. అదీ "కొంచెం జలుబండీ, వీలైతే తీసుకెళ్లండి" అని. వెళ్లేసరికి పాప రెండు మాటలకు మించి పలకలేకపోతోంది. 108కి ఎవరూ చేయలేదు. నా బ్యాగులో ఉన్న రెండో ఇన్‌హేలర్ అక్కడే ఇచ్చి ఆస్పత్రికి పరుగెత్తాం. నెబ్యులైజర్ పెట్టి ఆ రాత్రి ఉంచుకున్నారు.

తర్వాత వెళ్లి రిజిస్టర్ చూపించమన్నా. "జలుబు, దగ్గు. తల్లిదండ్రులకు వెంటనే తెలియజేశాం" అని రాసుంది. ఫోటో తీసుకున్నా. పిల్లల బ్యాగుల్లో మందులు ఉండకూడదనేది రూల్ అట. పారాసిటమాల్ విషయంలో ఆ రూల్ సరే. ఆయాసం వచ్చే పిల్ల ఇన్‌హేలర్‌కూ అదే రూలా?

ఫీజు కట్టకముందే నర్స్ ఏ రోజుల్లో ఉంటుందో, లేనిరోజు మందు ఎవరిస్తారో, తాళం ఎక్కడుంటుందో అడగండి. ఇన్‌హేలర్ క్లాసులోనే ఉండేలా డాక్టరు చేత రాయించి, రిసెప్షన్‌లో ముద్ర వేయించుకోండి. జ్వరానికి సిరప్ పోస్తే టైము, ఎంత పోశారన్నది డైరీలో రాయమనండి. పారాసిటమాల్ సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. స్కూల్లో ఏది, ఎంత పోశారో తెలియక ఇంట్లో మనం మళ్లీ పోస్తాం, డోసు ఎక్కువైపోతుంది.

మెడికల్ ఫీజు వాపసు అడిగితే వచ్చే ఏడాది ఫీజులో తగ్గిస్తామన్నారు. వచ్చే ఏడాది అక్కడ ఎవరుంటారు? టీసీకి మొన్న సోమవారం అప్లై చేశా.