ఏడాదికి 270 పౌండ్లు: మా వీధి ‘బిడ్’ మీద నా రివ్యూ

మాది ఇంగ్లండ్‌లో ఒక చిన్న పట్టణం. హై స్ట్రీట్‌లో, అంటే ఊరి ప్రధాన బజారువీధిలో, తాళంచెవులు చేస్తాను, బూట్లకి హీల్స్ వేస్తాను, వాచీ బ్యాటరీలు మారుస్తాను. ఐదేళ్ళ కిందట మా వీధికి బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ వచ్చింది. అంత పేరు ఎవరూ పలకరు, బిడ్ అంటారు. ఇప్పుడు దాని గడువు అయిపోతోంది, మళ్ళీ ఓటేయమని కవరొచ్చింది. రెండు రోజులుగా గల్లాపెట్టె పక్కనే పడుంది.

బిడ్ అంటే వీధిలో వ్యాపారాలన్నీ తలా కొంత వేసుకుని, కౌన్సిల్ చేసే పనులు కాక ఇంకేమైనా చేయించుకోవడం. 1970లో టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ దుకాణదారులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇంగ్లండ్‌లో 2003 చట్టంతో వచ్చింది. ఓటేసినవాళ్ళ సంఖ్యలోనూ, వాళ్ళ షాపుల రేటబుల్ వాల్యూలోనూ (పన్ను వేయడానికి ప్రభుత్వం కట్టే ఏడాది అద్దె అంచనా) మెజారిటీ రావాలి. వచ్చిందా, వద్దన్నవాడు కూడా కట్టి తీరాలి. ఆ వద్దన్నవాళ్ళలో నేనొకణ్ణి. నా షాపు రేటబుల్ వాల్యూ 18,000 పౌండ్లు, మా బిడ్ వసూలు ఒకటిన్నర శాతం. అంటే ఏడాదికి 270.

ముందు ఒళ్ళు మండినవి చెప్తాను. క్రిస్మస్ లైట్లు వెలిగించే రోజు వీధి కిక్కిరిసిపోయింది, నిజమే. నాలుగింటికే రోడ్డు మూసేశారు, స్టేజి సరిగ్గా నా గుమ్మానికి అడ్డంగా కట్టారు. ఆ సాయంత్రం నా వ్యాపారం రెండు వాచీ బ్యాటరీలు. తర్వాత వచ్చిన రిపోర్టులో ‘జనసంచారం పెరిగింది’ అని గ్రాఫు వేశారు. లెక్కపెట్టే కెమెరా ఉన్నది బస్‌స్టాప్ పక్క స్తంభానికి. బస్సు రాలేదని అటూ ఇటూ తిరిగేవాణ్ణి అది ఎన్నిసార్లు లెక్కేస్తుందో దానికే తెలియాలి.

ఇక నా పక్క షాపు. మూడేళ్ళుగా ఖాళీ. తలుపు సందులోంచి వేసిన ఉత్తరాలు లోపల గుట్టగా పడున్నాయి. బిడ్‌వాళ్ళు అద్దం నిండా పూలకొట్టు బొమ్మ స్టిక్కర్ అంటించారు, బాల్చీలూ గులాబీలూ అన్నీ ఉన్నాయి. ఒకరోజు ఒక పెద్దావిడ ఆ బొమ్మ తలుపు పిడి పట్టుకోబోయింది. చెయ్యి గాజుకి తగిలి ఆగిపోయింది. నా దగ్గరికొచ్చి, "పూలకొట్టు ఎన్నింటికి తీస్తారు?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

అలాగని డబ్బంతా బూడిదలో పోసినట్టు కాదు. అట్టపెట్టెలు తీసుకెళ్ళడానికి నేను విడిగా నెలకి 38 పౌండ్లు కట్టేవాణ్ణి. బిడ్ అందరి తరఫునా ఒకే కంపెనీతో బేరమాడాక 21 అయింది. ఏడాదికి 204 మిగిలినట్టు. కాబట్టి నా జేబులోంచి అసలు పోతున్నది 66.

ఆ 66కి నాకు దొరికింది రేంజర్, అంటే వీధి చూసుకోవడానికి బిడ్ పెట్టుకున్న మనిషి. వారానికి రెండుసార్లు షాపు షాపుకీ నడుచుకుంటూ వస్తాడు. ఫోను కంటే అతనే నయం, ఎవరికేం కావాలో అతనికి తెలుసు. ఆరు షాపుల అవతల డ్రై క్లీనింగ్ ఆవిడ, జిప్పు పాడైన బ్యాగులు తెచ్చినవాళ్ళని తిప్పి పంపేస్తోందని అతను చెబితేనే తెలిసింది. నాకు జిప్పులు వేయడం వచ్చు. తొమ్మిదేళ్ళుగా ఒకే వీధిలో ఉండి ఆవిడకి ఒక్కసారి కూడా హలో చెప్పలేదు నేను. ఇప్పుడు ప్రతి శనివారం ఆవిడ దగ్గర్నుంచి ఒక సంచీ వస్తుంది, అందులో నాలుగైదు బ్యాగులు, ఒక్కోదానికీ పిన్నుతో చీటీ. నా దగ్గరికి ఉతకాల్సిన కోటు తెచ్చినవాళ్ళని నేను ఆవిడ దగ్గరికి పంపిస్తాను. లైట్ల ఖర్చు సగం చేసి ఆ రేంజర్‌ని వారానికి ఐదు రోజులు తిప్పండి అని మీటింగ్‌లో అన్నాను. మినిట్స్‌లో రాసుకున్నారు.

హై స్ట్రీట్‌ల భవిష్యత్తు మీద షాపుల నిపుణురాలు మేరీ పోర్టస్ ఇచ్చిన నివేదిక తర్వాత 2012లో ప్రభుత్వం మొదట 12 పట్టణాలకి కలిపి 12 లక్షల పౌండ్లు ఇచ్చింది. అలాంటి డబ్బు ఒకసారి వస్తుంది, అయిపోతుంది. బిడ్ డబ్బు ఏటా వస్తుంది, అది మనదే కాబట్టి నిలదీసి అడగొచ్చు కూడా. కానీ ఖాళీ షాపుల దగ్గర దానికి చేతులు లేవు. 2024 డిసెంబర్ నుంచి ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళకి ఒక అధికారం వచ్చింది: రెండేళ్ళలో 365 రోజులకి మించి ఖాళీగా ఉన్న షాపుని, ఓనరు కదలకపోయినా, ఒకటి నుంచి ఐదేళ్ళ లీజుకి వేలం వేయొచ్చు. మా పక్కషాపు సంగతేంటని అడిగితే పరిశీలిస్తున్నామన్నారు. బిడ్ మీటింగుల్లో అందరం ఉంటాం, కేక్ షాపతను, బ్యాంకు మేనేజరు, పోలీసాయన. ఆ షాపు ఓనరు మాత్రం ఒక్కసారీ రాలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. రెండు రేంజర్‌కి, ఒకటి అట్టపెట్టెలకి, అర ఆ పూలబొమ్మకి. బాగా వేశారు పాపం.

ఈసారి ‘అవును’ మీద గీటు పెట్టాను. బ్యాలెట్ మీద ఇంకేమీ రాయకూడదు కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే కింద ఆ ఓనరు అడ్రస్ కూడా రాసి పంపేవాణ్ణి.