సువాన్ జావో రెన్ తాంగ్: పద్నాలుగు నెలలు తాగాక

సింగపూర్‌లో నైట్ షిఫ్టులు మానేసి ఏడాదైనా, రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చేసేది. గుండె దడ, కారణం లేని టెన్షన్. ఎదురింటి చైనీస్ ఆంటీ చెబితే, రిజిస్టరైన చైనా వైద్యుడి దగ్గరికి వెళ్లాను. నాలుక చూసి, రెండు చేతుల నాడీ పట్టుకుని నిద్ర కోసం సువాన్ జావో రెన్ తాంగ్ అనే ఈ చైనా మూలికల పొడి ప్యాకెట్లు ఇచ్చారు. మధ్యాహ్నం కాఫీ మానేయమని కూడా గట్టిగా చెప్పారు.

చైనాను ఏలిన హాన్ రాజుల కాలం నాటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన యోగం, అంటే మూలికల మిశ్రమం ఇది. అయిదు దినుసులు. అందులో ముఖ్యమైనది పుల్లరేగు గింజ. భోగిపళ్లు పోయించుకున్నవాళ్లం, మనకి రేగు కొత్తా అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఖరీదైన గింజలో కల్తీ చేసేది మన రేగు గింజతోనేనట! దాంతో గింజలు విడిగా కొని కాచుకునే ఆలోచన మానేసి ప్యాకెట్లకే పరిమితమయ్యాను. వేడినీళ్లలో కలిపితే కాస్త తీపి, కాస్త వగరు, పైన ఒక ఘాటు వాసన. వారంలో అలవాటైపోతుంది.

మూడో వారం నుంచి తెల్లవారుజాము నాలుగున్నర దాకా నిద్ర పట్టింది. నరాలకు బలం వచ్చిందా అంటే, అది డబ్బా మీది మాట, నేనైతే అనలేను. ఈ గింజలోని పదార్థాలు ఎలుకలకు మత్తునిచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. మనుషుల మీద జరిగినవి చాలావరకు చిన్న పరీక్షలు, చాలావాటిలో ఉత్తుత్తి మందుతో పోల్చనే లేదు. తైవాన్‌లో 2002 బీమా రికార్డుల ప్రకారం నిద్రలేమికి ఎక్కువగా రాసిన చైనా యోగం ఇదే. ఎక్కువమందికి రాసినంత మాత్రాన పనిచేసినట్టు కాదుగా.

తొమ్మిదో నెలలో బీపీ 148/94 చూపించింది. మామూలు డాక్టరుకి ప్యాకెట్ చూపిస్తే, ముందు అందులోని అతిమధురం మీద వేలు పెట్టారు. అది ఎక్కువకాలం వాడితే బీపీ పెరగొచ్చు, పొటాషియం తగ్గొచ్చు. మందు ఇచ్చినచోట నా బీపీ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నెల రోజులు ఆపితే 128/82కి దిగింది.

విచిత్రమేమిటంటే, ఆ నెల నిద్ర పెద్దగా చెడలేదు. పనిచేసింది రేగు గింజా, మానేసిన కాఫీయా?

అయిదుకి మూడు ఇస్తాను. బీపీ ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. నేనిప్పుడు బీపీ మిషన్ పక్కన పెట్టుకుని వారానికి రెండు రాత్రులే తాగుతున్నాను. కాఫీ మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు.