ఫెలివే ఫ్రెండ్స్ డిఫ్యూజర్: మా ఇంటి పిల్లుల తగువులో దీని వాటా ఎంత?

సాకెట్లో పెడితే పిల్లుల్ని నిమ్మళపరిచే రసాయనాన్ని గాల్లోకి వదిలే మిషన్ ఇది. ఐదుకి మూడున్నర ఇస్తాను. ప్లగ్గు పెట్టగానే పిల్లుల గొడవ సద్దుమణుగుతుందనుకుని కొనేవాళ్లుంటే కాస్త ఆగండి.

మా ఇంట్లో ఇద్దరున్నారు. జున్ను మగాడు, మిరియం ఆడది. ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఒకే గిన్నెలో మూతులు పెట్టి తినేంత చనువు. నిజాంపేటలో మాది మొదటి అంతస్తు. బాల్కనీకి పావురాల వల ఉంది కాబట్టి ఏదీ లోపలికి రాదు. కానీ ఓ ముదురు గండుపిల్లి పక్కింటి గోడెక్కి వలకి అవతల కూర్చోవడం మొదలెట్టింది. ఓ సాయంత్రం దాన్ని చూసి జున్నుగాడి తోక సీసాలు కడిగే బ్రష్‌లా ఉబ్బిపోయింది. ఆ గండుపిల్లిని అందుకోలేక, పక్కనే ఉన్న మిరియం మీద పడ్డాడు. ఎవరి మీదో కోపం దగ్గరున్నవాళ్ల మీద తీర్చుకోవడం మనుషులకీ ఉన్న రోగమే అనుకోండి. ఆ తర్వాత ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మిరియం బీరువా మీదకి ఎక్కేసింది. ఉచ్చకీ దొడ్డికీ పెట్టిన ట్రే దగ్గరికి వెళ్లే దారిలో జున్ను కాపలా కాస్తుంటే, అది ఉతకాల్సిన బట్టల మీద ఉచ్చ పోసేది.

వెట్ డాక్టరు గారు ముందు మూత్రం పరీక్ష చేయించారు. ట్రే బయట పోస్తున్న ప్రతి పిల్లిదీ పొగరు కాదు, లోపల మంట ఉండొచ్చు. మగపిల్లి అయితే మరీ జాగ్రత్త. ముక్కుతూ కూర్చుని చుక్క రావట్లేదంటే డిఫ్యూజర్లూ గిఫ్యూజర్లూ కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి. మిరియానికి రిపోర్టు బాగానే వచ్చింది. వేరే గదులు, వేరే ట్రేలు పెట్టమని చెప్పి, దాంతోపాటు ఇది కూడా రాశారు.

చూడ్డానికి అచ్చం దోమల మందు మిషనే. అత్తయ్య అయితే రెండుసార్లు తీసేసి దోమలదే పెట్టేశారు. సీసాలో 48 మిల్లీలీటర్ల నూనెలాంటి ద్రవం ఉంటుంది, నెల రోజులు వస్తుంది. మనకి వాసన రాదు. పాలిచ్చే తల్లిపిల్లి ఒంటి నుంచి పిల్లల్ని నిమ్మళపరిచే ఒక సంకేత రసాయనం వస్తుంది. దానికి నకలు ఇందులో ఉంది. క్లాసిక్ అని ఇంకోటి దొరుకుతుంది, అది వేరే. పిల్లి బుగ్గలు రాసినప్పుడు తలుపులకీ కుర్చీలకీ అంటించే గుర్తుకి నకలు. పిల్లి బెదురుకీ, గోడల మీద ఉచ్చ చిమ్మే అలవాటుకీ క్లాసిక్. పిల్లికీ పిల్లికీ పడకపోతే ఫ్రెండ్స్. నాకు అమ్మినవాళ్లు అడిగిందొకటైతే పంపిందొకటి, మార్పించుకోవడానికి తల ప్రాణం తోకకి వచ్చింది. డబ్బా విప్పేముందే పేరు చూసుకోండి.

ఒక్కోటి 50 నుంచి 70 చదరపు మీటర్ల వరకు పనిచేస్తుందంటారు. అంటే మన లెక్కలో 540 నుంచి 750 చదరపు అడుగులు. టూ బీహెచ్‌కేకి ఒకటి చాలదు. పైగా ఇది ఫ్రాన్స్ కంపెనీ సరుకు. మన ఇళ్లలో పొద్దస్తమానం పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, బాల్కనీ తలుపు బార్లా తెరిచే ఉంటుంది, ఆ గాలికి ఇది ఎంత నిలుస్తుందో మరి. సోఫా వెనకో కర్టెన్ కిందో పెట్టకూడదు. మా హాల్లో కింద ఉన్న సాకెట్లన్నీ సోఫా వెనకే! చివరికి సోఫానే జరిపాం.

మరి పనిచేసిందా? కొంత. మిరియం బీరువా దిగి హాల్లోకి రావడం మొదలైంది, బుసలు తగ్గాయి. కానీ ఆ ఘనతంతా దీనికి ఇవ్వలేను. అదే సమయంలో బాల్కనీ అద్దానికి కింద సగం వరకు పాలరంగు స్టిక్కర్ వేయించాం, గండుపిల్లి కనపడటం మానేసింది. మూసిన తలుపుకి అటొకరికీ ఇటొకరికీ అన్నం పెట్టి, గిన్నెలు రోజుకింత దగ్గరికి జరిపాం. జున్ను పడుకున్న తువాలు మిరియం గదిలో, దానిది వీడి గదిలో వేశాం. 2019లో అమెరికాలో 45 ఇళ్ల మీద చేసిన చిన్న అధ్యయనం ఒకటి వచ్చింది. మందు లేని ఉత్తుత్తి డిఫ్యూజర్ పెట్టిన ఇళ్లలోనూ గొడవలు తగ్గాయి, అసలుది పెట్టిన ఇళ్లలో ఇంకాస్త ఎక్కువ తగ్గాయి. పిల్లుల్ని ఎలా చూసుకోవాలో రెండు రకాల ఇళ్లవాళ్లకీ ముందే నేర్పారు మరి. మా ఇంట్లో నాకు కనపడిందీ ఆ "ఇంకాస్తే".

ఇంకో సంగతి, ఉచ్చ పోసిన చోట ఫినాయిల్ వేస్తే ఇది ఎంత పెట్టినా వృథా. నల్ల ఫినాయిల్లో ఉండే ఫినాల్ రకం రసాయనాలు పిల్లుల కాలేయానికి పడవు, విషమే. ఉచ్చ వాసనని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడండి. వాసన మనకి పోయినా పిల్లికి పోకపోతే మళ్లీ అక్కడికే వస్తుంది.

డబ్బులు తక్కువుంటే ముందు ఇంకో పెద్ద ట్రే కొనండి. రెండు పిల్లులకి మూడు ట్రేలు, అన్నీ ఒకే మూల కాకుండా. మిగిలితే దీనికి పెట్టండి. నేను రెండో రీఫిల్ తెప్పించాను, మూడోది మాత్రం కొనను. ఇప్పుడు ఇద్దరూ ఒకే సోఫా మీద పడుకుంటున్నారు, చెరో చివర.